క్లౌడ్ క్లస్టర్ల స్వయంచాలక విస్తరణలో క్యాష్ వల్ల తలెత్తే పనితీరు సమస్యలు - వ్యవసాయ సమాచార సేవలకు అన్వయం

భారత వాతావరణ శాఖ, వ్యవసాయ విశ్వవిద్యాలయాలు కలిసి నిర్వహిస్తున్న గ్రామీణ కృషి మౌసమ్ సేవ కింద వాతావరణ ఆధారిత సాగు సలహాలు వారానికి రెండు పర్యాయాలు, మంగళ, శుక్రవారాలలో వెలువడతాయి. ఆకాశం నిర్మలంగా ఉన్న వారంలో ఇటువంటి సలహాలను ఫోనులో తెరిచి చూసేవారి సంఖ్య ఒక తీరుగా ఉంటుంది. బంగాళాఖాతంలో అల్పపీడనం ఏర్పడిందన్న వార్త వెలువడిన రోజున ఆ సంఖ్య కొద్ది నిమిషాలలోనే అనేక రెట్లు పెరుగుతుంది. కోసిన వరి పనల మీద ఉన్న రైతుకు, మందు పిచికారీకి కూలీలను పిలుచుకున్న పత్తి రైతుకు ఆ పూట సలహా అందడమే ముఖ్యం. మరునాడు అందితే దానివల్ల ప్రయోజనం ఉండదు.

ఇటువంటి ఒత్తిడిని తట్టుకొనడానికే సమాచార సేవలను క్లౌడ్‌లో నెలకొల్పి, అభ్యర్థనలు పెరిగినప్పుడు యంత్రాల సంఖ్య తనంతట తానే పెరిగే ఏర్పాటు చేస్తారు. దీనినే ఆటోస్కేలింగ్ అంటారు. తెలుగులో స్వయంచాలక విస్తరణ అనవచ్చు. వ్యవసాయ విస్తరణ శాస్త్రవేత్తలకు విస్తరణ అనే మాట మరొక అర్థంలో చిరపరిచితం గనుక, ఈ వ్యాసంలో దానిని యంత్రాల సంఖ్యను పెంచడమనే అర్థంలో మాత్రమే వాడడమైనది. ఈ సేవలను నడిపేవారికి తరచుగా ఎదురయ్యే విచిత్ర స్థితి ఒకటి ఉంది. యంత్రాల సంఖ్య రెట్టింపైన తరువాత కూడా పేజీ తెరుచుకొనడానికి పట్టే సమయం తగ్గదు సరికదా, ఇంకా పెరుగుతుంది. బిల్లు పెరుగుతుంది, సేవ మందగిస్తుంది. ఈ వైపరీత్యానికి గల కారణాలలో ప్రధానమైనది క్యాష్.

క్లస్టరు పెరిగే విధానం

అనేక కంప్యూటర్లను ఒకే యంత్రాంగంగా కూర్చి నడిపే సమూహాన్ని క్లస్టరు అంటారు. క్లస్టర్లను నిర్వహించడానికి నేడు అత్యధికంగా వాడుకలో ఉన్న కుబర్నెటిస్ వ్యవస్థను గూగుల్ సంస్థ 2014లో ప్రకటించింది. దాని తొలి పూర్తిస్థాయి సంస్కరణ 2015 జూలైలో విడుదలైంది. ఇందులో ఒక్కొక్క కంప్యూటరును నోడ్ అనీ, దానిపై నడిచే అనువర్తనపు ప్రతిని పాడ్ అనీ వ్యవహరిస్తారు.

విస్తరణ రెండు అంచెలలో జరుగుతుంది. మొదటి అంచె పాడ్ల సంఖ్యను నిర్ణయిస్తుంది. సాధారణ అమరికలో ఈ యంత్రాంగం ప్రతి 15 సెకన్లకు ఒకసారి పాడ్ల సగటు ప్రాసెసరు వినియోగాన్ని నిర్దేశిత లక్ష్యంతో పోల్చి చూస్తుంది. లక్ష్యం 45 శాతంగా ఉండి వాస్తవ వినియోగం 90 శాతానికి చేరితే, ఉన్న 10 పాడ్లను 20గా పెంచాలని లెక్క తేలుతుంది. పెంచే విషయంలో సాధారణ అమరికకు జంకు లేదు. 15 సెకన్లలో పాడ్ల సంఖ్యను రెట్టింపు చేయడానికి అది అనుమతిస్తుంది. తగ్గించేటప్పుడు మాత్రం 5 నిమిషాలు వేచి చూస్తుంది. ఇక రెండవ అంచెలో, కొత్త పాడ్లకు ఉన్న నోడ్లలో చోటు చాలనప్పుడు, క్లస్టర్ ఆటోస్కేలర్ అనే మరొక యంత్రాంగం క్లౌడ్ సంస్థ నుండి కొత్త నోడ్లను తెప్పిస్తుంది.

ఈ రెండు అంచెలూ ప్రాసెసరును, జ్ఞాపకశక్తిని, పాడ్ల కోసం ప్రకటించిన అవసరాలను లెక్కలోకి తీసుకుంటాయి. కొత్తగా వచ్చిన పాడ్ పాత పాడ్‌తో సమానంగా పనిచేస్తుందన్నది వాటి లెక్కలో అంతర్లీనంగా ఉన్న ఊహ. చిక్కంతా ఆ ఊహలోనే ఉంది.

క్యాష్ ప్రయోజనం, దాని వెనుక దాగిన ప్రమాదం

తరచుగా కావలసిన సమాచారాన్ని మూలస్థానం నుండి ప్రతిసారీ తేకుండా దగ్గరలో దాచి ఉంచుకొనే చోటే క్యాష్. ఏడాదికి సరిపడా ధాన్యం గాదెలో ఉన్నా, వంటింటి డబ్బాలో వారానికి సరిపడా బియ్యం పోసి ఉంచుకొనడం వంటిది ఇది. ఒక మండలపు సలహాను డేటాబేస్ నుండి ఒకసారి తెచ్చి పాడ్ తన జ్ఞాపకశక్తిలో ఉంచుకుంటే, అదే మండలం నుండి వచ్చే తరువాతి వేయి మందికి డేటాబేస్‌తో పని లేకుండానే జవాబు అందుతుంది. కోరిన సమాచారం క్యాష్‌లోనే దొరికితే దానిని హిట్ అనీ, దొరకక మూలానికి వెళ్ళవలసి వస్తే మిస్ అనీ అంటారు. మొత్తం అభ్యర్థనలలో హిట్ల శాతమే హిట్ నిష్పత్తి.

హిట్ నిష్పత్తి 99 శాతం నుండి 98 శాతానికి తగ్గితే తగ్గింది ఒక్క శాతమే కదా అనిపిస్తుంది. డేటాబేస్ వైపు నుండి చూస్తే మిస్‌లు 1 శాతం నుండి 2 శాతానికి పెరిగాయి. అంటే దానిపై భారం రెట్టింపైంది. హిట్ నిష్పత్తి ఎంత ఎక్కువగా ఉంటే, డేటాబేస్‌ను అంత చిన్నదిగా ఎంచుకొనడం పరిపాటి. ఖర్చు రీత్యా అది సమంజసమే. కాని ఆ క్షణం నుండి క్యాష్ కేవలం వేగాన్ని పెంచే సదుపాయంగా మిగలదు. అది లేకపోతే సేవ నిలబడలేని మూలస్తంభంగా మారుతుంది. ఈ మార్పును నిర్వాహకులు చాలాసార్లు గుర్తించరు.

ఖాళీ క్యాష్‌తో వచ్చే కొత్త పాడ్లు

ఒక లెక్కను పరిశీలిస్తే విషయం స్పష్టమవుతుంది. ఒక సలహా సేవకు సెకనుకు 1000 అభ్యర్థనలు వస్తున్నాయనీ, 10 పాడ్లు పనిచేస్తున్నాయనీ, ప్రతి పాడ్‌లోనూ సొంత క్యాష్ ఉండి హిట్ నిష్పత్తి 95 శాతంగా ఉన్నదనీ అనుకొంటే, డేటాబేస్‌కు సెకనుకు 50 ప్రశ్నలు చేరుతాయి. డేటాబేస్ సెకనుకు 200 ప్రశ్నలను తట్టుకోగలదనుకొంటే నాలుగు రెట్ల వెసులుబాటు ఉన్నట్టే. ఇప్పుడు పాడ్ల సంఖ్య 10 నుండి 20కి పెరిగింది. వచ్చే అభ్యర్థనలలో సగం, అంటే 500, కొత్త పాడ్లకు వెళ్తాయి. వాటి క్యాష్ ఖాళీ గనుక తొలి క్షణాలలో దాదాపు ఆ 500 మిస్‌లే. పాత పాడ్ల నుండి వచ్చే 25 కలుపుకొంటే డేటాబేస్‌కు చేరే ప్రశ్నలు 525. భారం పదిరెట్లకు పైగా పెరిగింది. ఈ లెక్కలో వినియోగదారుల సంఖ్య ఒక్కరు కూడా పెరగలేదన్నది గమనించవలసిన అంశం. భారాన్ని పెంచింది విస్తరణే. వాస్తవంలో ఇది అభ్యర్థనల పెరుగుదలకు తోడవుతుంది.

డేటాబేస్ తట్టుకోగలిగితే ఈ దశ కొద్ది సెకన్లలో ముగుస్తుంది, క్యాష్‌లు నిండుతాయి. తట్టుకోలేకపోతే కథ మరోలా నడుస్తుంది. జవాబులు ఆలస్యమవుతాయి. గడువు దాటిన అభ్యర్థనను పాడ్ వదిలివేస్తుంది కనుక, డేటాబేస్ ఆ తరువాత పంపిన జవాబు క్యాష్‌లోకి చేరదు. అవతల పేజీ తెరుచుకోని వినియోగదారు మళ్ళీ మళ్ళీ నొక్కుతాడు. అనువర్తనం కూడా తనంతట తాను పునఃప్రయత్నం చేస్తుంది. డేటాబేస్ పూర్తి సామర్థ్యంతో పనిచేస్తూనే ఉంటుంది, ఆ పనిలో అధికభాగం వృథా అవుతుంది. క్యాష్ నిండనందువల్ల భారం తగ్గదు. భారం తగ్గనందువల్ల క్యాష్ నిండదు. మొదట ఒత్తిడికి కారణమైన రద్దీ తొలగిపోయిన తరువాత కూడా వ్యవస్థ కోలుకోకుండా అదే స్థితిలో ఉండిపోతుంది. 2021లో బ్రాన్సన్, మరి ముగ్గురు పరిశోధకులు వెలువరించిన పత్రంలో ఇటువంటి స్థితులకు మెటాస్టేబుల్ వైఫల్యాలని పేరుపెట్టి, వాటి స్వభావాన్ని వివరించారు.

బోరుబావుల కింద సాగు చేసే ప్రాంతాల వారికి ఈ పరిణామం కొత్త కాదు. నీరు చాలడం లేదని ఒకే ట్రాన్స్‌ఫార్మరు కింద మోటార్ల సంఖ్య పెంచుతూ పోతే వోల్టేజి పడిపోతుంది. ప్రతి మోటారూ ఎక్కువ కరెంటు లాగుతూ తక్కువ నీరు పోస్తుంది. ట్రాన్స్‌ఫార్మరు కాలిపోయేంతవరకూ తప్పు మోటారుదేనని రైతు అనుకుంటాడు. ఇక్కడ డేటాబేస్ ట్రాన్స్‌ఫార్మరు వంటిది, పాడ్లు మోటార్ల వంటివి.

ఈ దశలో ఆటోస్కేలర్ ఏమి చేస్తుందన్నది అది చూసే కొలమానంపై ఆధారపడి ఉంటుంది. జవాబుకు పట్టే సమయాన్నో, వేచి ఉన్న అభ్యర్థనల సంఖ్యనో చూసే ఏర్పాటు ఉంటే, అది మరిన్ని పాడ్లను తెస్తుంది. అవి కూడా ఖాళీ క్యాష్‌తోనే వస్తాయి. ప్రాసెసరు వినియోగాన్ని చూసే ఏర్పాటు ఉంటే ఫలితం విపరీతంగా ఉంటుంది. డేటాబేస్ జవాబు కోసం ఎదురుచూసే పాడ్‌లో ప్రాసెసరుకు పని ఉండదు. వినియోగం పడిపోయినట్టు కనిపించడంతో ఒత్తిడి తగ్గిందని భావించి, 5 నిమిషాల తరువాత ఆటోస్కేలర్ పాడ్లను తొలగించడం మొదలుపెడుతుంది. అప్పటికి కష్టపడి నింపుకున్న క్యాష్‌లు ఆ పాడ్లతో పాటే పోతాయి.

నిండిన తరువాత కూడా మిగిలే నష్టం

ఖాళీ క్యాష్ సమస్య తాత్కాలికమే అనుకొనడం పొరపాటు. పాడ్ల సంఖ్య పెరిగేకొద్దీ ఒక్కొక్క పాడ్‌కు చేరే అభ్యర్థనలు పలుచబడతాయి. క్యాష్‌లో ఉంచిన ప్రతి అంశానికీ ఒక కాలపరిమితి ఉంటుంది. ఒక మండలపు సలహాకు నిమిషానికి సగటున 20 అభ్యర్థనలు వస్తున్నాయనీ, కాలపరిమితి 1 నిమిషమనీ అనుకొంటే, ఒకే పాడ్ ఉన్నప్పుడు ఆ అంశానికి హిట్ నిష్పత్తి సుమారు 95 శాతం ఉంటుంది. అవే అభ్యర్థనలు 10 పాడ్లకు పంచితే ఒక్కొక్కదానికి నిమిషానికి 2 చేరుతాయి, నిష్పత్తి 67 శాతానికి దిగుతుంది. 20 పాడ్లకు పంచితే 50 శాతమే. అభ్యర్థనలు యాదృచ్ఛికంగా వస్తాయన్న ఊహపై, కాలపరిమితిలో వచ్చే సగటు అభ్యర్థనల సంఖ్యను దానికి ఒకటి కలిపిన సంఖ్యతో భాగిస్తే ఈ నిష్పత్తులు వస్తాయి. రాష్ట్రమంతటికీ ఉమ్మడిగా ఉండే పేజీలకు ఈ నష్టం స్వల్పం. చిన్న మండలం, అరుదైన పంట వంటి తక్కువ మంది కోరే అంశాలకు ఇది తీవ్రం. తమ ప్రాంతపు సలహా కోసం అరుదుగా వచ్చే మారుమూల రైతులే నెమ్మదైన జవాబును పొందుతారన్నది విస్తరణ సేవల దృష్ట్యా ఆలోచించదగిన విషయం.

ఉమ్మడి క్యాష్‌ను పెంచేటప్పుడు

పై నష్టాన్ని నివారించడానికి పాడ్లన్నిటికీ ఉమ్మడిగా, విడిగా నడిచే క్యాష్ సర్వర్లను ఏర్పరుస్తారు. బ్రాడ్ ఫిట్జ్‌పాట్రిక్ 2003లో లైవ్‌జర్నల్ కోసం రూపొందించిన మెమ్‌క్యాష్‌డ్, ఆ తరువాత 2009లో వచ్చిన రెడిస్ ఈ పనికి ప్రసిద్ధాలు. పాడ్లు పెరిగినా తగ్గినా ఉమ్మడి క్యాష్ చెక్కుచెదరదు. అయితే ఆ క్యాష్ సర్వర్లనే స్వయంచాలక విస్తరణకు అప్పగిస్తే కొత్త చిక్కు ఎదురవుతుంది.

ఏ అంశం ఏ సర్వరులో ఉండాలో నిర్ణయించడానికి అంశపు పేరు నుండి ఒక సంఖ్యను గణించి, దానిని సర్వర్ల సంఖ్యతో భాగించి శేషాన్ని చూడడం సులభమైన పద్ధతి. సర్వర్లు 4 నుండి 5 అయితే ఈ పద్ధతిలో 80 శాతం అంశాల చిరునామా మారిపోతుంది. సమాచారం పాత సర్వరులో ఉన్నప్పటికీ వెతికేది కొత్త సర్వరులో గనుక, ఒక సర్వరును చేర్చిన పాపానికి క్యాష్ ఐదింట నాలుగు వంతులు ఖాళీ అయినట్టే. 1997లో డేవిడ్ కార్గర్, సహ పరిశోధకులు ప్రతిపాదించిన కన్సిస్టెంట్ హ్యాషింగ్ పద్ధతిలో 20 శాతం అంశాలు మాత్రమే చోటు మారుతాయి. ఐదవ సర్వరుకు న్యాయంగా దక్కవలసిన వాటా కూడా అంతే కనుక ఇంతకంటే తగ్గించడం సాధ్యం కాదు. రెడిస్ క్లస్టరులో మొత్తం అంశాలను 16384 గళ్ళుగా విభజించి, సర్వరు చేరినప్పుడు కొన్ని గళ్ళను వాటిలోని సమాచారంతో సహా తరలిస్తారు. ఏ పద్ధతి అయినా, రద్దీ శిఖరానికి చేరిన క్షణంలో క్యాష్ సర్వర్లను మార్చడం వివేకం కాదు. పాడ్లను స్వేచ్ఛగా పెంచవచ్చు, క్యాష్‌ను మాత్రం ముందుగా లెక్కగట్టి స్థిరంగా ఉంచడమే మేలు.

ఒక్కసారిగా వచ్చి పడే ప్రశ్నలు

విద్యుత్తు సరఫరా తిరిగి రాగానే ఆటోస్టార్టర్లు బిగించిన మోటార్లన్నీ ఒకేసారి తిరగడం మొదలుపెడితే ఫీడరు మీద పడే తాకిడి ఎట్టిదో గ్రామాలలో అందరికీ తెలుసు. క్యాష్‌లో అందరూ కోరే ఒక అంశపు కాలపరిమితి ముగిసిన క్షణాన జరిగేది కూడా అదే. అప్పుడు వచ్చిన వందల అభ్యర్థనలకు మిస్ ఎదురై, అవన్నీ ఒకే సమాచారం కోసం ఒకేసారి డేటాబేస్‌పై పడతాయి. ఒకే సమయంలో పుట్టిన 10 పాడ్లు ఒకే సమయంలో క్యాష్ నింపుకుంటాయి గనుక వాటి కాలపరిమితులు కూడా ఒకేసారి ముగుస్తాయి. ఆ విధంగా విస్తరణ ఈ తాకిడిని ప్రతి కాలపరిమితికీ పునరావృతమయ్యేలా చేస్తుంది.

దీని తీవ్రతకు 2010 సెప్టెంబరు 23న ఫేస్‌బుక్‌లో ఏర్పడిన అంతరాయం నిదర్శనం. విన్యాసానికి సంబంధించిన ఒక చెల్లని విలువను ప్రతి సర్వరూ క్యాష్‌లో గమనించి, సరిదిద్దడానికి డేటాబేస్‌ను అడగడం మొదలుపెట్టింది. డేటాబేస్ తట్టుకోలేక దోషం తిరిగి ఇచ్చినప్పుడు, ఆ దోషాన్ని కూడా చెల్లని విలువగానే భావించి క్యాష్‌లోని అంశాన్ని తొలగించి మళ్ళీ అడిగాయి. మూలకారణాన్ని సరిచేసిన తరువాత కూడా ప్రశ్నల వెల్లువ ఆగలేదు. చివరకు సైటును పూర్తిగా నిలిపివేసి, డేటాబేస్ తేరుకున్నాక క్రమంగా వినియోగదారులను అనుమతించవలసి వచ్చింది. అంతరాయం సుమారు రెండున్నర గంటలు కొనసాగింది. ఇది ఆటోస్కేలింగ్ వల్ల జరిగినది కాకపోయినా, ఖాళీ క్యాష్ చుట్టూ ఏర్పడే విషవలయానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ దొరకడం కష్టం.

అదే సంస్థ ఇంజనీర్లు 2013లో ప్రచురించిన పరిశోధన పత్రంలో లీజు అనే పరిష్కారాన్ని వివరించారు. ఒక అంశం క్యాష్‌లో లేనప్పుడు మొదట అడిగినవారికి మాత్రమే డేటాబేస్ నుండి తెచ్చే అనుమతి లభిస్తుంది. ఆ అనుమతిని ఒక అంశానికి 10 సెకన్లకు ఒకసారి మాత్రమే ఇస్తారు. మిగిలినవారు కొద్దిసేపు ఆగి తిరిగి క్యాష్‌నే అడగాలి. తాకిడికి ఎక్కువగా లోనయ్యే అంశాలపై పరీక్షించినప్పుడు డేటాబేస్‌కు చేరే ప్రశ్నల గరిష్ఠ సంఖ్య సెకనుకు 17 వేల నుండి 1.3 వేలకు తగ్గింది. కొత్తగా నెలకొల్పిన ఖాళీ క్లస్టరు తన మిస్‌లను డేటాబేస్‌కు బదులు అప్పటికే నిండి ఉన్న పొరుగు క్లస్టరు నుండి తీర్చుకునే ఏర్పాటును కూడా అదే పత్రం వివరించింది. దానివల్ల, లేకుంటే కొన్ని రోజులు పట్టే పూర్తి సామర్థ్యం కొన్ని గంటలలోనే సమకూరిందని తెలిపారు. నారు పోసి పెంచేంత సమయం లేనప్పుడు పొరుగు రైతు నారుమడి నుండి నారు తెచ్చుకొనడం వంటిదే ఇది.

జ్ఞాపకశక్తి కొలతలో పొరపాటు

ఇంతవరకు చెప్పిన క్యాష్‌లు నిర్వాహకులు తెలిసి ఏర్పరచుకున్నవి. తెలియకుండా ఏర్పడే క్యాష్ మరొకటి ఉంది. లినక్స్ నిర్వహణ వ్యవస్థ, చదివిన ఫైళ్ళ భాగాలను ఖాళీగా ఉన్న జ్ఞాపకశక్తిలో దాచి ఉంచుతుంది. దీనిని పేజీ క్యాష్ అంటారు. అనువర్తనానికి జ్ఞాపకశక్తి అవసరమైనప్పుడు ఈ భాగాన్ని లినక్స్ వెంటనే విడిచిపెట్టగలదు.

కుబర్నెటిస్‌లో పాడ్ వాడుతున్న జ్ఞాపకశక్తిని వర్కింగ్ సెట్ అనే కొలమానంతో లెక్కిస్తారు. మొత్తం వినియోగం నుండి ఇటీవల వాడుకలో లేని పేజీ క్యాష్‌ను మాత్రమే ఇందులో తీసివేస్తారు. ఒకటికి రెండుసార్లు చదివిన ఫైళ్ళ భాగాలు చురుకైన వర్గంలోకి చేరి, అనువర్తనం సొంత వినియోగంతో పాటే లెక్కకు వస్తాయి. భారత వాతావరణ శాఖ 0.25 డిగ్రీల గళ్ళతో రూపొందించే దైనిక వర్షపాత దత్తాంశం వంటి పెద్ద ఫైళ్ళను పదే పదే చదివే సేవలో ఈ మొత్తం గణనీయంగా ఉంటుంది. జ్ఞాపకశక్తి ఆధారంగా విస్తరణ జరిగేలా అమర్చి ఉంటే, ఆటోస్కేలర్ కొత్త పాడ్‌ను తెస్తుంది. ఆ పాడ్ కూడా అవే ఫైళ్ళు చదివి తన పేజీ క్యాష్‌ను నింపుకుంటుంది. సగటు దిగదు గనుక అనుమతించిన గరిష్ఠ సంఖ్య వరకు పాడ్లు పెరిగి, రద్దీ తగ్గిన తరువాత కూడా అక్కడే నిలిచిపోతాయి. నోడ్‌లో జ్ఞాపకశక్తి కొరతను నిర్ణయించేదీ ఈ కొలమానమే కనుక, విడిచిపెట్టదగిన క్యాష్ ఉండగానే పాడ్లను బలవంతంగా తొలగించే సందర్భాలు కూడా ఏర్పడతాయి. ఫైళ్ళు ఎక్కువగా చదివే సేవలకు జ్ఞాపకశక్తి ఆధారిత విస్తరణ తగదు. ఈ విషయంలో మినహాయింపులు వెతకడం కంటే దానిని విడిచిపెట్టడమే మంచిది.

నోడ్లలోని ప్రతిమలు, ఆటోస్కేలర్ సొంత క్యాష్

అనువర్తనం, దానికి కావలసిన లైబ్రరీలు అన్నీ కలిపి ఇమేజి అనే మూటగా ఉంటాయి. పాత నోడ్‌లో ఈ మూట ముందే దిగుమతి అయి ఉంటుంది. కొత్త నోడ్‌లో మొదటి నుండి దించుకోవాలి. ఆకు ఫోటోను బట్టి తెగులును గుర్తించే అనువర్తనాలలో డీప్ లెర్నింగ్ లైబ్రరీల వల్ల ఈ మూట గిగాబైట్ల పరిమాణానికి చేరుతుంది. హార్టర్, సహ పరిశోధకులు 2016లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం కంటెయినరు ప్రారంభానికి పట్టే సమయంలో 76 శాతం మూటను దించుకొనడానికే పోతుంది. అలా దించుకున్న దానిలో ప్రారంభానికి నిజంగా చదివేది 6.4 శాతమే. అవసరం లేని లైబ్రరీలను తీసివేయడం, మూటలను నోడ్ పుట్టకముందే దాని డిస్కులో చేర్చి ఉంచడం ఇందుకు విరుగుడు.

క్లస్టర్ ఆటోస్కేలర్ కూడా తన నిర్ణయాలకు క్యాష్‌నే ఆశ్రయిస్తుంది. అది సాధారణంగా 10 సెకన్లకు ఒకసారి క్లస్టరును పరిశీలిస్తుంది. క్లౌడ్ సంస్థను ప్రతిసారీ అడిగితే ఆ సంస్థ విధించిన పరిమితులు దాటిపోతాయి గనుక, ఉదాహరణకు అమెజాన్ క్లౌడ్‌లో నోడ్ సమూహాల వివరాలను నిమిషానికి ఒకసారి మాత్రమే తాజా చేసుకుంటుంది. ఆ మధ్యకాలంలో దాని చేతిలో ఉన్నది పాత చిత్రమే. అంతేకాక, ఒక సమూహంలోని నోడ్లు సున్నాకు తగ్గినప్పుడు, కొత్త నోడ్ ఎలా ఉంటుందన్న అంచనాకు గతంలో దాచుకున్న నమూనాపై ఆధారపడుతుంది. ఆ నమూనాకు సాధారణ అమరికలో ఉన్న కాలపరిమితి 87600 గంటలు, అనగా పదేళ్ళు! ఈలోగా నిర్వాహకులు ఆ సమూహపు యంత్రాల రకాన్ని మార్చి ఉంటే, ఆటోస్కేలర్ అంచనా తప్పి పాడ్లు చోటు లేక నిరీక్షిస్తూ ఉండిపోవచ్చు. సమూహాన్ని మార్చినప్పుడు ఆటోస్కేలర్‌ను పునఃప్రారంభిస్తే ఈ ఇబ్బంది తొలగుతుంది.

నోడ్లను తగ్గించేటప్పుడు కూడా అది పాడ్లు ప్రకటించిన అవసరాల మొత్తాన్నే చూస్తుంది. ఆ మొత్తం నోడ్ సామర్థ్యంలో సగానికి తక్కువగా 10 నిమిషాలపాటు ఉంటే నోడ్‌ను తొలగించదగినదిగా భావిస్తుంది. ఆ నోడ్‌పై నిండిన క్యాష్ ఉన్న పాడ్ ఉన్నదన్న సంగతి దాని లెక్కలో లేదు. క్యాష్‌ను మోసే పాడ్లను తొలగించరాదని ప్రత్యేకంగా గుర్తు పెట్టే వీలు కుబర్నెటిస్‌లో ఉన్నది, దానిని వాడుకోవాలి.

వ్యవసాయ సమాచార సేవలలో పాటించదగిన పద్ధతులు

అన్నిటికంటె ప్రయోజనకరమైన చర్య రద్దీకి ముందే సిద్ధపడడం. సాధారణ వాణిజ్య సేవలకు లేని వెసులుబాటు వ్యవసాయ సేవలకు ఒకటి ఉన్నది. ఇక్కడ రద్దీకి పంచాంగం ఉన్నది. మంగళ, శుక్రవారాల సలహా, తొలకరి వర్షాలు, తుఫాను హెచ్చరిక, ఇవన్నీ గంటలు లేదా రోజుల ముందే తెలిసేవి. సలహా విడుదలకు అరగంట ముందే పాడ్లను పెంచే ఏర్పాటు చేసి, ప్రతి మండలపు పేజీని ముందుగానే క్యాష్‌లో నింపి ఉంచితే ఖాళీ క్యాష్ దశ వినియోగదారుల కంటపడకుండానే గడిచిపోతుంది. ఒక మండలపు సలహా ఆ మండలంలోని అందరికీ ఒకటే కనుక, దానిని ప్రతి అభ్యర్థనకూ డేటాబేస్ నుండి కూర్చవలసిన అవసరమే లేదు. విడుదల సమయంలోనే అన్ని పేజీలను తయారుచేసి స్థిర ఫైళ్ళుగా అందించవచ్చు. రైతు పేరు, సర్వే నంబరు వంటి వ్యక్తిగత వివరాలు అవసరమయ్యే సేవలకే డేటాబేస్‌ను మిగల్చాలి.

ముందుగా ఊహించలేని రద్దీలో, కొత్త పాడ్ తన క్యాష్‌లో ముఖ్యమైన అంశాలు నిండేవరకు సిద్ధంగా ఉన్నట్టు ప్రకటించుకోకుండా చూడాలి. సిద్ధమైన తరువాత కూడా దానికి అభ్యర్థనలను క్రమంగా పెంచుతూ పంపే సౌకర్యం అనేక లోడ్ బ్యాలెన్సర్లలో ఉన్నది. అమెజాన్ అప్లికేషన్ లోడ్ బ్యాలెన్సర్‌లో ఈ నిదాన ప్రారంభ సమయాన్ని 30 నుండి 900 సెకన్ల వరకు నిర్ణయించుకోవచ్చు. ఒకేసారి రెట్టింపు కాకుండా విడతకు రెండు మూడు పాడ్ల చొప్పున పెరిగేలా పరిమితి విధించడం కూడా అవసరం. కాలపరిమితులను అన్నిటికీ 60 నిమిషాలుగా కాక 54 నుండి 66 నిమిషాల మధ్య యాదృచ్ఛికంగా ఇస్తే అవి ఒకేసారి ముగియవు. డేటాబేస్‌కు ఒకేసారి చేరగల ప్రశ్నల సంఖ్యకు, పాడ్లు ఎన్ని ఉన్నా మారని గట్టి పరిమితి ఉండాలి. ఆ పరిమితి దాటినవారికి తరువాత ప్రయత్నించమని వెంటనే చెప్పడం, అందరినీ ఎదురుచూడబెట్టి ఎవరికీ ఇవ్వకపోవడం కంటే మేలు.

పాత సమాచారాన్ని తాత్కాలికంగా అందించడమనే పద్ధతి ఒకటి ఉన్నది. 2010లోనే వెబ్ ప్రమాణాలలో దీనికి వివరణ వచ్చింది. క్యాష్‌లోని అంశపు గడువు ముగిసినా, కొత్తది వచ్చేవరకు పాతదానినే చూపుతారు. సాంకేతిక నిపుణులు దీనిని అన్నిటికీ వర్తింపజేయడానికి మొగ్గుచూపుతారు. ఈ నిర్ణయం వారికి వదిలివేయదగినది కాదు. విత్తన రకాల వివరాలు, యాజమాన్య పద్ధతులు ఒక పూట పాతవైనా నష్టం లేదు. మార్కెట్ ధరలను తేదీ, సమయం స్పష్టంగా చూపి ఇవ్వవచ్చు. వర్షసూచన, తుఫాను హెచ్చరికలలో మాత్రం పాత సమాచారం ఏమీ లేకపోవడం కంటే ప్రమాదకరం. శుక్రవారం నాటి పొడి వాతావరణ సూచనను మంగళవారం చూసిన రైతు ధాన్యాన్ని కళ్ళంలో ఆరబోసి ఇంటికి పోగలడు. ఏ సమాచారం ఎంతసేపు నిలువ ఉండవచ్చో పంటల వారీగా నిర్ణయించి నిర్వాహకులకు లిఖితపూర్వకంగా ఇవ్వవలసినవారు విస్తరణ శాస్త్రవేత్తలే.

సేవ పనితీరును కొలిచేటప్పుడు సగటు హిట్ నిష్పత్తిని మాత్రమే చూడడం చాలదు. పాడ్ వయస్సును బట్టి, అంటే పుట్టిన 1, 5, 30 నిమిషాలకు హిట్ నిష్పత్తి ఎంత ఉన్నదో విడివిడిగా నమోదు చేస్తే, నిండడానికి పట్టే సమయం తెలుస్తుంది. పరిమితులన్నీ ఆ సంఖ్య ఆధారంగా నిర్ణయించాలి. వేసవిలో రద్దీ తక్కువగా ఉన్న ఒక ఉదయాన క్యాష్‌ను ఉద్దేశపూర్వకంగా ఖాళీ చేసి, కృత్రిమ అభ్యర్థనలతో ఒత్తిడి కలిగించి, డేటాబేస్ ఎంతసేపటికి తేరుకుంటుందో పరీక్షించడం విద్యార్థుల ప్రాజెక్టులకు కూడా అనువైన అంశం. పరీక్షను తొలకరికి కనీసం ఒక నెల ముందు ముగిస్తే, బయటపడిన లోపాలను సరిదిద్దడానికి వ్యవధి ఉంటుంది.